గన్నవరం నుంచి విశాఖకు 290 కిలోమీటర్లే, మరి టికెట్‌లో గంటా ఐదు నిమిషాలు ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: మ్యాపులో కొలిస్తే విజయవాడ నుంచి విశాఖకు విమాన దూరం 290 కిలోమీటర్లు వస్తోంది. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందంటారు. ఆ లెక్కన 22 నిమిషాల్లో దిగిపోవాలి. టికెట్ మీద మాత్రం గంటా ఐదు నిమిషాలు ఉంది. తేడా ఎక్కడుంది? ఇంకో సైట్ అదే ప్రయాణానికి మూడు గంటల నలభై నిమిషాలు చూపిస్తోంది, అదేమిటి? మోకాలి ఆపరేషన్ అయిన అమ్మగారిని తీసుకెళ్లాలి, విమానమా రైలా?

నేను ఇరవై రెండేళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేశాను. పైలట్ చేతిలో పెట్టే ఫ్లైట్ ప్లాన్ తయారు చేయడం, ఎంత ఇంధనం వేయాలో, ఏ ఎత్తులో పోవాలో, దిగలేకపోతే ఎక్కడికి మళ్లించాలో లెక్కగట్టడం మా పని. అందుకే ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాయాలనిపించింది.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ 290 కరెక్టే, టికెట్ మీది గంటా ఐదు నిమిషాలూ కరెక్టే. తప్పల్లా ఆ 800తో భాగించడంలో ఉంది. ఇంత చిన్న దారిలో విమానం తన పూర్తి వేగంతో పోయేది ఓ పది, పదమూడు నిమిషాలే. మిగతా సమయమంతా ఎక్కడానికి, దిగడానికి, నేల మీద నడవడానికి పోతుంది.

దూరం లెక్క మీరే చేసుకోవచ్చు, ఏ సైటూ అక్కర్లేదు. గన్నవరం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22. అక్షాంశాల తేడా 1.19. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 132 కిలోమీటర్లు ఉత్తరానికి. రేఖాంశాల తేడా 2.42. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి మన కోస్తాలో ఒక డిగ్రీకి 106 కిలోమీటర్ల పైచిలుకే వస్తుంది. అంటే 257 కిలోమీటర్లు తూర్పుకు. ఇక హైస్కూలు లెక్కే: రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 290కి ఓ కిలోమీటరు అటూ ఇటూగా వస్తుంది. మా భాషలో 157 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీకి అరవై నాటికల్ మైళ్లు కావడం వల్ల మాకు ఈ లెక్కలు నోటితోనే అయిపోతాయి.

రైలు పట్టాల మీద ఇదే దూరం 350 కిలోమీటర్లు. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి, సామర్లకోట, తుని, అనకాపల్లి అన్నీ చుట్టబెట్టుకుంటూ పోవాలి కదా. రోడ్డు మీదా దాదాపు అంతే. అంటే గాల్లో ఆదా అయ్యేది అరవై కిలోమీటర్లు. అదీ కాగితం మీద.

కాగితం మీద అని ఎందుకంటున్నానంటే విమానం గీత గీసినట్టు పోదు. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. గాలి పడమటి నుంచి వీస్తుంటే విమానం పడమటికే ఎగరాలి, ఎదురుగాలిలోనే టేకాఫ్. అంటే విశాఖ పోవాల్సినవాడు ముందు విజయవాడ వైపు లేచి, ఎత్తు అందుకుని, అప్పుడు వెనక్కి తిరుగుతాడు. ఆ చివర విశాఖలో ఇంకా పెద్ద చుట్టు ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. రెండు చివర్లూ కలుపుకొని ఈ రూట్‌కి నేను 157 బదులు 175 నాటికల్ మైళ్లు వేసుకునేవాణ్ని. కిలోమీటర్లలో దాదాపు 325.

ఇప్పుడు సమయం. ఈ దూరాలకు తగిన విమానం ఏటీఆర్ 72, రెక్కల మీద పెద్ద ఫ్యాన్లు తిరిగే రకం. పైన నిలకడగా పోయేటప్పుడు దాని గరిష్ఠ వేగం 275 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), గంటకు 510 కిలోమీటర్లు. తూర్పు వైపు పోయే విమానాలకు బేసి వేల ఎత్తులు, పడమటికి పోయేవాటికి సరి వేల ఎత్తులు ఇస్తారు, ఎదురెదురు రాకుండా. కాబట్టి విశాఖ వెళ్లేటప్పుడు 17,000 అడుగులు అనుకుందాం, తిరిగి వచ్చేటప్పుడు 16,000 గానీ 18,000 గానీ.

తలుపు మూసి, చక్రాల కింద అడ్డు దిమ్మలు తీసిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. దీన్ని చాక్స్ ఆఫ్ అంటాం. ఇంజిన్లు, చెక్‌లిస్టులు, టాక్సీ, రన్‌వే చివరికి చేరడం, అన్నిటికీ పది నిమిషాలు. లేచాక 17,000 అడుగులు ఎక్కడానికి ఇంకో పదిహేడు నిమిషాలు. ఎక్కేటప్పుడు ఏటీఆర్ వేగం 200 నాట్ల దగ్గరే ఉంటుంది, కాబట్టి ఆ పదిహేడు నిమిషాల్లో వచ్చేది 55 నాటికల్ మైళ్లే. దిగడానికి మా పాత సూత్రం ఒకటుంది: ఎత్తు ఎన్ని వేల అడుగులో దాన్ని మూడుతో గుణిస్తే అన్ని మైళ్ల ముందు నుంచీ దిగడం మొదలెట్టాలి. పదిహేడు మూళ్లు యాభై ఒకటి, చివర్లో రన్‌వేకి ఎదురుగా సర్దుకోవడానికి ఇంకొన్ని, మొత్తం అరవై మైళ్లు, పద్దెనిమిది నిమిషాలు. 175లోంచి 55, 60 తీసేస్తే మిగిలింది అరవై మైళ్లు. పూర్తి వేగంతో పోయేది ఈ అరవై మైళ్లే, పదమూడు నిమిషాలు. దిగాక టాక్సీ చేసి ఆగి, చక్రాలకు దిమ్మలు పెట్టేసరికి ఇంకో ఐదు. కూడితే 63 నిమిషాలు. మీ టికెట్ మీద గంటా ఐదు.

టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం కాదు, దిమ్మలు తీసినప్పటి నుంచి దిమ్మలు పెట్టేదాకా. దాన్నే బ్లాక్ టైమ్ అంటారు. ఇంటర్నెట్‌లో దూరం కొడితే "ఫ్లైట్ టైమ్ 22 నిమిషాలు" అని చెప్పే సైట్లు మీరు చేసిన భాగహారమే చేస్తాయి, అంతకుమించి వాటికి ఏమీ తెలియదు. ఆ అంకె నమ్మి విశాఖలో ఎవరికీ అపాయింట్‌మెంట్ ఇవ్వకండి.

"మరి పెద్ద జెట్ వేస్తే?" అని మీకు అనుమానం రావచ్చు. ఎయిర్‌బస్ 320 పైన గంటకు 830 కిలోమీటర్లు పోతుంది, నిజమే. కానీ ఆ వేగం 35,000 అడుగుల పైన. ఈ దారిలో అంత ఎత్తు ఎక్కితే ఎక్కీ ఎక్కగానే దిగాలి. అందుకని 21,000, 23,000 దగ్గరే ఆపేస్తారు. పదివేల అడుగుల కింద ఎవరైనా 250 నాట్లు దాటకూడదన్న నియమం ఉంది. ఎక్కడానికి పది, పదకొండు నిమిషాలు, దిగడానికి పద్దెనిమిది, ఇరవై, మధ్యలో ఏడెనిమిది. జెట్ మీకు మిగిల్చేది పది నిమిషాలు. గాలి ప్రభావం అంతకంటే తక్కువ. 30 నాట్ల ఎదురుగాలి ఉన్నా ఆ అరవై మైళ్ల మీద రెండు నిమిషాలు కూడా పెరగదు. అదే హైదరాబాద్ నుంచి ఢిల్లీ అయితే గాలి లెక్క తప్పక చూసుకోవాలి.

మా వాళ్లకి నేను నేర్పిన ఉజ్జాయింపు లెక్క ఒకటి చెబుతాను, దేశంలో ఏ రెండు ఊళ్ల మధ్యనైనా పనికొస్తుంది. జెట్ అయితే ముందు 35 నిమిషాలు పక్కన పెట్టండి, తర్వాత ప్రతి 12.5 కిలోమీటర్లకు ఒక నిమిషం కలపండి. ఏటీఆర్ అయితే 30 నిమిషాలు పక్కన పెట్టి, ప్రతి 8 కిలోమీటర్లకు ఒక నిమిషం. శంషాబాద్ నుంచి విశాఖ 512 కిలోమీటర్లు, జెట్‌లో గంటా పదహారు. శంషాబాద్ నుంచి మధురపూడి, అంటే రాజమండ్రి, 361 కిలోమీటర్లు, ఏటీఆర్‌లో గంటా పావు. హైదరాబాద్, ఢిల్లీ మధ్య 1,260 కిలోమీటర్లు, రెండుంపావు గంటలు. ఈ మూడూ టికెట్లతో పోల్చి చూడండి, ఐదు పది నిమిషాల్లో కలుస్తాయి. గన్నవరం నుంచి విశాఖకు ఏటీఆర్ లెక్క వేస్తే 66 నిమిషాలు. హైదరాబాద్ నుంచి విశాఖ దాదాపు రెట్టింపు దూరం, సమయం మాత్రం పది పదిహేను నిమిషాలే ఎక్కువ. పక్కన పెట్టిన ఆ అరగంట దగ్గర ఊరికైనా దూరపు ఊరికైనా ఒకటే, ఎవరూ తగ్గించలేరు.

ఇక విశాఖ చివర సంగతి. అక్కడి విమానాశ్రయం నిజానికి నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగా. మనం వాడుకునేది దాని పక్కన ఉన్న సివిల్ ఎన్‌క్లేవ్, అంటే మామూలు ప్రయాణికుల విమానాలకు కేటాయించిన భాగం. ట్రాఫిక్ కంట్రోల్ కూడా నేవీ వాళ్లదే. వాళ్ల విమానాలు, హెలికాప్టర్లు ఎగిరే వేళల్లో మన విమానం కాసేపు ఆగాల్సి రావచ్చు. దానికితోడు పడమటి వైపు కొండలు. అందుకని చాలాసార్లు సముద్రం వైపు నుంచి వచ్చి దిగుతారు. గన్నవరం నుంచి ఈశాన్య దిక్కుగా వచ్చే విమానం ఊరు పక్కగా దాటి, సముద్రం మీదికి పోయి, ఎడమకు చుట్టు తిరిగి, బీచ్ మీదుగా లోపలికి వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఊరు దాటిపోయాం అని కంగారు పడతారు. కంగారు అక్కర్లేదు, ఎప్పుడూ పోయే దారే. ఈ చుట్టు వల్లే ఇరవై ముప్ఫై కిలోమీటర్లు పెరుగుతాయి.

భోగాపురం కొత్త విమానాశ్రయం మీద కూడా ఒక మాట. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అది విశాఖ దాటాక విజయనగరం వైపు ఉంది. సర్వీసులు అక్కడికి మారితే గాల్లో పెరిగేది నలభై కిలోమీటర్లు, ఐదు నిమిషాలు. ఊళ్లోకి రోడ్డు మీద మాత్రం నలభై ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి టికెట్ కొనేటప్పుడు విశాఖ అన్న పేరు చూసి ఊరుకోకుండా ఏ విమానాశ్రయమో చదవండి.

ఈ గంటా ఐదు నిమిషాలు ఏ రోజున గంటన్నర అవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు ప్రయాణం పెట్టుకున్నది డిసెంబరు, జనవరి నెలల్లో.

గన్నవరం చుట్టూ పొలాలు, చెరువులు, కాలువలు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలకపోతే మంచు దుప్పటి కప్పేస్తుంది. రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వేకి దారి చూపించే మామూలు ఐఎల్‌ఎస్‌తో, అంటే కేటగిరీ 1తో దిగాలంటే రన్‌వే మీద కనీసం 550 మీటర్ల దూరం కనిపించాలి. నేను గన్నవరంలో పోస్టింగులో ఉన్నప్పుడు ఒక జనవరి ఉదయం విశాఖ నుంచి వచ్చే ఏటీఆర్‌కి ప్లాన్ వేశాను. రాజమండ్రిలోనూ మంచే, అందుకని మళ్లించే ఊరు హైదరాబాద్ పెట్టాల్సి వచ్చింది. కెప్టెన్‌తో ఫోన్‌లో మాట్లాడి మామూలు కంటే 400 కిలోల ఇంధనం ఎక్కువ వేయించాను. ఈ రూట్‌లో ప్రయాణానికి ఖర్చయ్యే ఇంధనం అర టన్ను అటూ ఇటూ, అంటే దాదాపు ఇంకో ప్రయాణానికి సరిపడా. విమానం టైముకే నెత్తిమీదికి వచ్చింది. కింద 300 మీటర్లకు మించి కనిపించడం లేదు. హోల్డింగ్‌లో పెట్టారు, అంటే గాల్లోనే చుట్లు తిరుగుతూ ఆగమన్నారు. ఒక చుట్టుకు నాలుగు నిమిషాలు. నేను బయట నిలబడి వింటున్నాను, ఇంజిన్ల చప్పుడు వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. విమానం మాత్రం కనబడదు. ఏడు చుట్లు. ఏడున్నర దాటాక ఎండ కాస్త తగిలి, రన్‌వే పక్క గడ్డి, ఆ తర్వాత కంచె, ఆ తర్వాత అవతలి చెట్లు ఒక్కొక్కటే తేలాయి. దిగింది.

మెట్ల దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "దారి తప్పాడా నాయనా?" అని అడిగారు. లేదమ్మా, మిమ్మల్ని జాగ్రత్తగా దించాలని ఆగాడు, అన్నాను. ఆవిడ ఇంకా ఏదో అడగబోయారు, కొడుకు పిలిస్తే వెళ్లిపోయారు. ఆ అరగంటకు సరిపడా ఇంధనం రెక్కల్లో ఉండబట్టే వాళ్లు హైదరాబాద్ పోకుండా ఇంటికి పోయారు. ఆ ఉదయం తల్చుకుంటే నాకు ఇప్పటికీ తృప్తిగా ఉంటుంది.

మీరు వెళ్లేది గన్నవరం నుంచి కాబట్టి, చలికాలంలో తొలి విమానం కన్నా తొమ్మిది, పది దాటాక బయలుదేరేది తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే దీనికి తిరగేసి చెబుతాను: మధ్యాహ్నం తర్వాత ఉరుము మబ్బులు లేస్తాయి, పొద్దున్నే నయం. అక్టోబరు, నవంబరులో తుపాను వార్తలు చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ టెర్మినల్ దెబ్బతిని కొన్ని రోజులు విమానాలే లేవు.

మూడు గంటల నలభై నిమిషాల సంగతి సులువు. అది హైదరాబాద్ మీదుగా పోయే టికెట్. గన్నవరం నుంచి శంషాబాద్ 264 కిలోమీటర్లు పడమటికి, అక్కడి నుంచి విశాఖ 512 కిలోమీటర్లు మళ్లీ తూర్పుకు. మొత్తం 776. ఆ రెండో విమానం గన్నవరానికి ఎంతో దూరం కాకుండానే తూర్పుకు దాటిపోతుంది. అమ్మగారితో ఇది వద్దు. నేరుగా పోయే సర్వీసు ఈ రూట్‌లో వస్తూ పోతూ ఉంటుంది. విమాన షెడ్యూళ్లు ఏటా రెండుసార్లు, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారతాయి. మీరు చూసే తేదీ ఆ గీతకు ఏ వైపు ఉందో చూసుకుని కొనండి.

ఇక విమానమా, రైలా. మీరు బెంజ్ సర్కిల్ దగ్గర ఉంటామన్నారు, దిగేది మద్దిలపాలెం అన్నారు. ఇంటి నుంచి గన్నవరం నలభై నిమిషాలు. చెక్ఇన్ గంట ముందే మూసేస్తారు, వీల్‌చైర్ తీసుకుంటారు కాబట్టి గంటన్నర ముందైనా ఉండాలి. ప్రయాణం గంటా ఐదు. సామాను, వీల్‌చైర్, బయటికి రావడం ఇరవై. అక్కడి నుంచి మద్దిలపాలెం ట్రాఫిక్‌ని బట్టి నలభై. మొత్తం నాలుగుంపావు గంటలు. వందే భారత్ రైలులో విజయవాడ నుంచి విశాఖకు నాలుగుంపావు, నాలుగున్నర గంటలు. ఇంటి నుంచి స్టేషన్, కాసేపు ఎదురుచూపు, అటు స్టేషన్ నుంచి ఇల్లు కలిపితే ఐదున్నర. రత్నాచల్ లాంటివి అయితే పట్టాల మీదే ఆరు గంటలు.

అంటే విమానం మీకు మిగిల్చేది గంటా పావు. ఆ గంటా పావు కోసం అయితే నేను రైలే ఎక్కుతాను. కానీ అమ్మగారి సంగతి వేరు, ఇక్కడ చూడాల్సింది గడియారం కాదు, మోకాలు. రైలులో లేచి నాలుగడుగులు వేయొచ్చు, కాలు చాపుకోవచ్చు, బాత్రూమ్ కాస్త విశాలంగా ఉంటుంది. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మారాల్సి వస్తే మాత్రం నరకం, ముందే వీల్‌చైర్‌కి మనిషిని మాట్లాడుకోండి. విమానంలో గంట సేపు కాలు మడిచి కూర్చోవాలి, కానీ విమానాశ్రయం దగ్గర కారు దిగింది మొదలు విమానం దాకా వీల్‌చైర్ ఉంటుంది. ఏటీఆర్‌కి వెనక తలుపు దగ్గర దాని సొంత మెట్లే ఉంటాయి, నాలుగైదు మెట్లకు మించవు. ఎయిర్‌బస్ అయితే ఎత్తు. ఏ విమానమో బుకింగ్‌లో రాసి ఉంటుంది, చూడండి. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి, ఆ రోజు కౌంటర్ దగ్గర అడిగితే ఆలస్యం.

అన్నిటికంటే ముందు ఆపరేషన్ చేసిన సర్జన్‌ని అడగండి. కీలు మార్పిడి అయిన కొత్తల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, కదలకుండా కూర్చుంటే అది పెరుగుతుంది. ఎన్ని వారాలు ఆగాలో ఆయనే చెప్పాలి, ప్రయాణానికి ఫర్వాలేదని కాగితం కూడా ఆయన దగ్గరే రాయించుకోండి. ఆయన ఇప్పుడే వద్దంటే విమానం, రైలు రెండూ మానేయండి.

ఆయన సరేనంటే, గంట ప్రయాణమే అని తేలిగ్గా తీసుకోకుండా సీటు జాగ్రత్తగా ఎంచుకోండి. ఏటీఆర్‌లో అటు రెండు, ఇటు రెండు. ఆపరేషన్ కుడి మోకాలికి అన్నారు కాబట్టి ఎడమవైపు వరుసలో నడవా పక్క సీటు అమ్మగారికి ఇవ్వండి, కుడికాలు నడవాలోకి చాపుకోవచ్చు. ట్రాలీ వచ్చినప్పుడు మాత్రం వెనక్కి తీసుకోమనండి. కిటికీ సీటు మీరు తీసుకోండి. ఏటీఆర్ రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీ నుంచైనా నేల కనిపిస్తుంది. లేచిన ఇరవై, పాతిక నిమిషాలకు మబ్బు లేకపోతే కుడివైపు వాళ్లకి ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద పాయలుగా చీలిన గోదావరి కనిపిస్తాయి. మీ ఎడమవైపు రాజమండ్రి ఉంటుంది. సముద్రం మీద చుట్టు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు డాల్ఫిన్ నోస్, హార్బర్ మీ కిటికీ వైపే వస్తాయి. కాస్త వెనక్కి వాలితే అమ్మగారికీ కనబడతాయి.